ఎక్కడ నిలబడి తూచారు?

పిల్లలూ! పాతసామాన్లు కొనేవాడు కొక్కేనికి సంచీ తగిలించి తూస్తాడే, ఆ స్ప్రింగు త్రాసు మీరు చూసే ఉంటారు. అటువంటిదే పెద్ద త్రాసు ఒకటి తీసుకుని, భూమధ్యరేఖ మీద ఉన్న ఒక రేవులో, దానికి బియ్యపు బస్తా తగిలించామనుకోండి. ముల్లు సరిగా 100 కిలోల దగ్గర ఆగింది. అదే బస్తాను, ఒక్క గింజ కూడా కలపకుండా, ఉత్తరధ్రువానికి తీసుకుపోయి అదే త్రాసుకు తగిలిస్తే ముల్లు 100 దగ్గర ఆగదు. ఇంకో అరకిలో పైగా చూపుతుంది!

బియ్యం పెరిగిందా? లేదు. భూమి ఆ బస్తాను లాగే బలం పెరిగింది. భూమి అచ్చమైన బంతి కాదు గదా! ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. అందుచేత ధ్రువం మీద నిలబడినవాడు, భూమధ్యరేఖ మీద నిలబడినవాడికన్న భూకేంద్రానికి సుమారు 21 కిలోమీటర్లు దగ్గరగా ఉంటాడు. అదీగాక, భూమి బొంగరంలా తిరుగుతూ ఉండటం వల్ల భూమధ్యరేఖ దగ్గర వస్తువులు కాస్త తేలికపడతాయి. ధ్రువం దగ్గర ఆ తేలిక లేదు.

మామూలు తక్కెడతో తూస్తే మాత్రం ఈ తేడా కనిపించదు. ఎందుకో చెప్పగలరా? అవతలి పళ్ళెంలోని రాళ్ళను కూడా భూమి అంతే ఎక్కువగా లాగుతుంది!

ఈ సంగతి మనుషులకు మొట్టమొదట ఒక గడియారం చెప్పింది. 1672లో రిషే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నక్షత్రాలను పరిశీలించటానికి దక్షిణ అమెరికాలోని కయెన్ అనే ఊరికి వెళ్ళాడు. అది భూమధ్యరేఖకు దగ్గర. పారిస్‌లో చక్కగా నడిచిన ఆయన లోలకపు గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడటం మొదలుపెట్టింది. ఆయన గడియారాన్ని తిట్టి ఊరుకోలేదు. లోలకాన్ని మూడు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువగా కురచచేసి, అప్పుడు సరిగా నడుస్తున్నదని రాసిపెట్టుకున్నాడు. కొన్నేళ్ళకు న్యూటన్ మహాశయుడు దానికి కారణం చెప్పాడు. భూమి లాగే బలం తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది. గడియారం చెడిపోలేదు. అది ఉన్న చోటు మారింది!

నాలుగు బియ్యపు గింజలు

భూమి లాగే బలం అక్షాంశాన్ని బట్టే కాదు, కాలికింద ఏమున్నదన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. కింద బరువైన ఇనుపరాయి ఉంటే కొంచెం ఎక్కువ లాగుతుంది. ఉప్పుగుట్టో, గుహో, వదులు ఇసుకో ఉంటే కొంచెం తక్కువ లాగుతుంది. కాబట్టి నేల తవ్వకుండానే, పైన ఊరూరా తిరిగి ఈ లాగుడును కొలుస్తూ పోతే, లోపల ఏమున్నదో ఊహించవచ్చు. దీనినే గురుత్వ సర్వే అంటారు. అమెరికాలోని టెక్సాస్‌లో 1924లో ఈ పద్ధతిలోనే నాష్ అనే చోట నేలలో దాగిన ఉప్పుగుట్టను కనిపెట్టారు. అటువంటి గుట్టల అంచుల్లో చమురు చేరుతుంది.

అయితే ఈ తేడా ఎంత ఉంటుంది? దీన్ని కొలిచే ప్రమాణానికి గెలీలియో పేరు మీదుగా ‘గాల్’ అని పేరు పెట్టారు. అందులో వెయ్యోవంతు మిల్లీగాల్. భూమి మొత్తం లాగుడులో ఒక మిల్లీగాల్ అంటే ఇంచుమించు పదిలక్షలో వంతు. మన 100 కిలోల బస్తాలో పదిలక్షలో వంతు ఎంత? గ్రాములో పదోవంతు. అంటే నాలుగైదు బియ్యపు గింజలు! లోలకపు గడియారమైతే, ఒక మిల్లీగాల్ తగ్గిన చోట, ఇరవై మూడు రోజులకు ఒక్క సెకను వెనకబడుతుంది.

ఈనాడు గ్రావిమీటరు అనే పరికరం ఉన్నది. దానిలో ఒక చిన్న బరువు సన్నని స్ప్రింగుకు వేలాడుతూ ఉంటుంది. మంచి గ్రావిమీటరు మిల్లీగాల్‌లో నూరోవంతును కూడా పసికడుతుంది. అంటే మన బస్తాలో ఒక గింజలో పాతికోవంతు అన్నమాట!

ఇంత సూక్ష్మమైన పరికరం చేతిలో ఉంటే ఇక కావలసిందేమున్నది అనుకుంటున్నారు కదూ? ఆగండి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఆ పరికరాన్ని నేలమీద పెట్టి ఒకసారి కొలవండి. తరువాత మేడ ఎక్కి, మూడు మీటర్ల పైన, మళ్ళీ కొలవండి. భూమికి దూరమయ్యారు కాబట్టి లాగుడు తగ్గుతుంది. మీటరుకు 0.3 మిల్లీగాల్ చొప్పున, మూడు మీటర్లకు 0.9 మిల్లీగాల్. మేడ బదులు ఒక గుట్ట ఎక్కితే, కాళ్ళకింద చేరిన రాయి కూడా మనను లాగుతుంది కాబట్టి తగ్గుదల కాస్త తక్కువ. మీటరుకు సుమారు 0.2.

ఇప్పుడొక లెక్క చేద్దాం. నేలలో 40 మీటర్ల వెడల్పున, బంతిలాంటి ఖనిజపు ముద్ద ఒకటి ఉన్నదనుకోండి. దాని నడుమ భాగం 40 మీటర్ల లోతున ఉన్నది. ప్రతి ఘనపు మీటరూ చుట్టుపక్కల రాతికన్న ఒకటిన్నర టన్ను బరువెక్కువ. మొత్తం మీద యాభైవేల టన్నుల అదనపు బరువన్నమాట! దాని సరిగా పైన నిలబడితే గ్రావిమీటరు ఎంత ఎక్కువ చూపుతుంది? సుమారు 0.2 మిల్లీగాల్.

ఒక్క మీటరు ఎత్తు తేడా కూడా అంతే గదా! కాబట్టి సర్వే చేసేవాడు తాను నిలబడిన చోటు ఎత్తును ఒక మీటరు తప్పుగా రాసుకుంటే, లేని ఖనిజం ఉన్నట్టు కనిపిస్తుంది. లేదా ఉన్న ఖనిజం మాయమవుతుంది. పరికరం ఎంత మంచిదైనా ఈ తప్పును పట్టలేదు. అది నిజమే చెబుతుంది. ఎక్కడ నిలబడి చెప్పిందో మనం రాసుకోవాలి.

మా ఊరి బావులు

ఈ పాఠం నాకు గ్రావిమీటరు నేర్పలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నేర్పింది.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న ఒక పల్లెటూళ్ళో వేసవిలో మంచినీటికి కటకటగా ఉండేది. కొత్త బావి ఎక్కడ తవ్వితే బాగుంటుందని ఊరిపెద్దలు నన్ను అడిగారు. నేను పిల్లలను వెంటబెట్టుకుని ఊళ్ళో ముప్ఫై బావులకు తాడు వేయించాను. గట్టు మీదినుంచి నీటిదాకా ఎంత లోతున్నదో పిల్లలు జాగ్రత్తగా కొలిచారు. ఒక్కొక్కటి రెండేసి సార్లు కొలిచారు. ఆ అంకెలతో నేనొక పటం గీశాను. ఊరి దిబ్బమీది బావుల్లో నీరు తొమ్మిది మీటర్ల లోతున ఉన్నది. చెరువుకింది బావుల్లో అయిదు మీటర్లే. ‘నీరు పల్లానికి పారుతుంది. దిబ్బకింద నీరు బాగా లోతున ఉన్నది. కాబట్టి భూమిలోని నీరంతా దిబ్బవైపే పోతున్నది’ అని తేల్చాను. దిబ్బమీదే తవ్వమని పెద్దలకు చెప్పాను కూడా.

మర్నాడు ఆ పటాన్ని తరగతిలో గోడకు తగిలించాను. వెనక బల్లమీది పిల్ల ఒకతె లేచి, భయపడుతూనే, “మాస్టారూ, బావిగట్లన్నీ ఒకే ఎత్తులో లేవు కదండీ!” అన్నది.

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. దిబ్బమీది గట్టు, చెరువుకింది గట్టుకన్న ఎంతో ఎత్తున ఉన్నది. ఆ మాట నేను మరిచాను. మేము కొలిచిన అంకెలన్నీ సరైనవే. ఎక్కడినుంచి కొలిచామన్నదే లెక్కలోకి రాలేదు.

ఆ సాయంత్రమే పెద్దల దగ్గరికి వెళ్ళి, తవ్వకం ఆపమని చెప్పి వచ్చాను. పొడుగాటి పారదర్శకపు గొట్టంలో నీరు నింపి, తాపీమేస్త్రీలు చేసినట్టే, ఒక గట్టునుంచి ఇంకొక గట్టుకు మట్టం పట్టుకుంటూ వారం రోజులు తిరిగాము. గట్ల ఎత్తులు కలిపి మళ్ళీ గీస్తే పటం తలకిందులయింది. నీరు దిబ్బవైపునుంచి చెరువువైపే పోతున్నది! ఆ పిల్ల లేచి అడగకపోతే ఊరి డబ్బు గోతిలో పోయించి ఉండేవాణ్ణి.

ఎత్తు తెలిసేదెట్లా?

మేము గొట్టంతో చేసిన పనినే సర్వేవారు మరింత నేర్పుగా చేస్తారు. రసమట్టం అమర్చిన దుర్బిణిని మధ్యలో నిలబెడతారు. ముందొకరు, వెనకొకరు అంకెలు వేసిన కొలబద్దలు పట్టుకుని నిలబడతారు. దుర్బిణిలో చూసి, వెనక బద్దమీద ఎంత, ముందు బద్దమీద ఎంత అని రాసుకుంటారు. ఆ రెండింటి తేడాయే ఆ రెండు చోట్ల ఎత్తు తేడా. తరువాత వెనకవాడు ముందుకు వస్తాడు. ఇట్లా కప్పగంతులు వేస్తూ ఊళ్ళూ, నదులూ దాటి పోతారు. దుర్బిణి రెండు బద్దలకూ సమదూరంలో ఉండాలి. అప్పుడు దాని స్వంత దోషాలు చాలామట్టుకు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి.

ఈ ఎత్తులన్నిటికీ మొదలు ఎక్కడ? సముద్రం దగ్గర. కానీ సముద్రం పొంగుతూ, తగ్గుతూ ఉంటుందాయె! అందుకని రేవుల్లో కొలబద్దలు పాతి, ఏళ్ళ తరబడి రాసిన మట్టాలకు సగటు కట్టారు. మన దేశపు ఎత్తులకు మూలంగా ఇట్లా తొమ్మిది రేవులను తీసుకున్నారు. అందులో మన విశాఖపట్నం ఒకటి. ఈసారి రైలెక్కినప్పుడు స్టేషను పేరు రాసిన పసుపుపచ్చ బోర్డును కిందిదాకా చదవండి. సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో చాలాచోట్ల రాసి ఉంటుంది. దాని వెనక ఇంత నడక ఉన్నది.

అడవుల్లో, కొండల్లో ఇట్లా బద్దలు పట్టుకుని పోవటం కష్టం. అక్కడ చాలాకాలం బారోమీటరు వాడారు. పైకిపోయినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది గదా! సముద్రమట్టం దగ్గర సుమారు ఎనిమిది మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబారు తగ్గుతుంది. కానీ మబ్బు పట్టినా, ఎండ కాసినా ఒత్తిడి దానంతటదే మారుతుంది. వాతావరణం ఒక్క మిల్లీబారు మారితే, మనం కదలకుండానే ఎనిమిది మీటర్లు ఎక్కినట్టో దిగినట్టో లెక్క! ఎనిమిది మీటర్లంటే గుట్టమీద 1.6 మిల్లీగాల్‌ల తప్పు.

దీనికి మంచి ఉపాయం పన్నారు. రెండు బారోమీటర్లు తీసుకుని, ఒకదాన్ని ఎత్తు తెలిసిన చోట కదలకుండా ఉంచేవారు. రెండోది వెంట తీసుకుపోయేవారు. కదలని దానిలో కనిపించిన మార్పు వాతావరణానిది. దాన్ని రెండోదానిలోంచి తీసేస్తే మిగిలేది ఎత్తుది. ఈ ‘కదలని సాక్షి’ని గుర్తుపెట్టుకోండి. ముందు మళ్ళీ కనిపిస్తుంది.

కన్యాకుమారినుంచి లడఖ్ దాకా

ఎత్తు ఒక్కటీ తెలిస్తే చాలదు. ఉత్తర దక్షిణాలుగా ఎక్కడున్నామో కూడా తెలియాలి. మన తెలుగునాట కిలోమీటరు ఉత్తరానికి నడిస్తే లాగుడు సుమారు 0.44 మిల్లీగాల్ పెరుగుతుంది. తూర్పు పడమరలుగా నడిస్తే, నేల చదునైతే, దీనివల్ల తేడా రాదు.

ఎవరెక్కడ ఉన్నదీ తేల్చటానికి మన దేశంలో ఒక మహత్తరమైన పని జరిగింది. 1802లో లాంబ్టన్ అనే సర్వే అధికారి మద్రాసు పక్కన, సెయింట్ థామస్ కొండ దగ్గర, సుమారు 12 కిలోమీటర్ల పొడుగున ఒక గీతను గొలుసుతో కొలిచాడు. త్రిభుజంలో ఒక భుజమూ, రెండు కోణాలూ తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకట్టవచ్చునని మీరు చదువుకున్నారు గదా! ఆ గీతను భుజంగా పెట్టుకుని త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ పోయారు. 1815లో బీదరు దగ్గర ఇంకొక గీతను కొలిచి లెక్క సరిచూసుకున్నారు. ఈ త్రిభుజాల వరస దక్కనుమీదుగా హిమాలయాల అడుగుదాకా పోయింది.

అక్కడ ఒక వింత ఎదురయింది. మధ్యభారతంలోని కల్యాణపూరుకూ, ఉత్తరాన హిమాలయాల వైపున ఉన్న కలియానా అనే ఊరికీ ఉన్న దూరాన్ని రెండు విధాల కొలిచారు. ఒకటి త్రిభుజాలతో. రెండోది నక్షత్రాలను చూసి. రెండు లెక్కలకూ అయిదు వికలల పైచిలుకు తేడా వచ్చింది. నేలమీద అది సుమారు 160 మీటర్లు. ఎవరు తప్పు చేశారు?

ఎవరూ చేయలేదు. నక్షత్రాలను చూసేవారు ‘సరిగా పైన’ అంటే ఏదో తెలుసుకోవటానికి, తాపీమేస్త్రీలాగానే, దారానికి కట్టిన గుండును నమ్ముతారు. హిమాలయాలు ఆ గుండును తమవైపు కాస్త లాగాయి! కలకత్తాలో ఉండిన ప్రాట్ అనే మతాచార్యుడు 1855లో లెక్కకట్టి మరింత వింత చెప్పాడు. అంత పెద్ద కొండలు గుండును సుమారు పదహారు వికలలు లాగవలసింది. కాని లాగింది అందులో మూడోవంతే. అంటే కొండలకింద బరువు ఎక్కడో తక్కువగా ఉన్నది! కొండలకు కూడా నేలలో తేలికరాతి వేళ్ళు ఉన్నాయని ఏరీ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఏడే ఊహించాడు.

దీన్ని లోలకంతో తేల్చటానికి పూనుకున్నవాడు బసేవీ అనే సైనికాధికారి. 1865లో పని మొదలుపెట్టి, కన్యాకుమారి వైపునుంచి హిమాలయాల దాకా చోటుచోటునా, గాలి తీసేసిన పాత్రలో లోలకాన్ని ఊగించి, ఆ ఊపులను లెక్కపెట్టాడు. ఆయన ఎన్నుకున్న చోట్లు ఎటువంటివో చూడండి. త్రిభుజాల సర్వేలో అక్షాంశమూ, ఎత్తూ అంతకుముందే తేలిన చోట్లు! లోలకం చెప్పే ‘ఎంత’కు, సర్వే చెప్పే ‘ఎక్కడ’ తోడైతేనే ఫలితం వస్తుందని ఆయనకు తెలుసు.

చివరకు ఆయన లోలకాలతో లడఖ్ పీఠభూమి ఎక్కాడు. ఊపిరాడని ఎత్తు, కొరికే చలి. 1871 జూలైలో, ఆ పనిమీద ఉండగానే, ఆ కొండల్లో మరణించాడు. మిగిలిన పని హెవిసైడ్ అనే మరో అధికారి పూర్తిచేశాడు. కొండలకింద బరువు లోటు ఉన్నదన్న మాట బసేవీ అంకెల వల్ల బలపడింది.

తూర్పుకు పోతే తేలిక

సముద్రం మీద ఇంకొక చిక్కు. ఓడ నిలవదు, పోతూనే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్లు ఓడల మీద తిరుగుతూ మహాసముద్రాల్లో గురుత్వం కొలిచారు. ఆ అంకెలు చూసి హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు ఎట్వష్ ఒక సంగతి పట్టుకున్నాడు. ఓడ తూర్పుకు పోతున్నప్పుడు అంకె తగ్గుతున్నది. పడమరకు పోతున్నప్పుడు పెరుగుతున్నది! భూమి తూర్పుకే తిరుగుతున్నది గదా. తూర్పుకు పోయే ఓడ ఆ తిరుగుడుకు మరికొంత వేగం కలుపుతుంది. అందువల్ల ఇంకాస్త తేలికపడుతుంది. 1908లో నల్లసముద్రం మీద రెండు ఓడలను, ఒకటి తూర్పుకూ, ఒకటి పడమరకూ నడిపించి చూస్తే ఆయన మాట నిజమని తేలింది.

మన బంగాళాఖాతంలో, తూర్పుగా పోతున్న ఓడ వేగాన్ని గంటకు ఒక్క కిలోమీటరు తప్పుగా రాసుకుంటే సుమారు 4 మిల్లీగాల్‌ల తప్పు వస్తుంది. అంటే, కదిలేవాడు తానెక్కడున్నదీ చెబితే చాలదు. ఎటు, ఎంత వేగంతో పోతున్నదీ చెప్పాలి. ఓడలూ, విమానాలూ ఈనాడు ఈ సర్వేకు పనికివస్తున్నాయంటే, ఉపగ్రహాల సాయంతో అనుక్షణం వాటి చోటూ, వేగమూ తెలియటమే పెద్ద కారణం.

ఆకాశంనుంచి సాయం

ఉపగ్రహాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మీ నాన్నగారి ఫోనులో మీరున్న చోటు చుక్కగా కనిపిస్తుంది. నాలుగు ఉపగ్రహాలనుంచో, అంతకన్న ఎక్కువ వాటినుంచో వచ్చే సంకేతాలు ఎంత కాలంలో చేరాయో చూసి ఫోను ఆ లెక్క కడుతుంది. బయట ఆరుబయలులో అది కొద్ది మీటర్ల లోపల సరిగా చెబుతుంది.

మరి గ్రావిమీటరుకు అది చాలునా? నూరోవంతు మిల్లీగాల్ కావాలంటే మన ప్రాంతంలో ఉత్తర దక్షిణాలుగా 23 మీటర్ల లోపల తెలియాలి. దానికి ఫోను చాలు! కాని ఎత్తు మాత్రం అయిదు సెంటీమీటర్ల లోపల తెలియాలి. దానికి ఫోను చాలదు. అసలు ఉపగ్రహాలకు ఎత్తు చెప్పటమే కష్టం. అవన్నీ మనకు పైనే ఉంటాయి. పక్కలకు నలుదిక్కులా ఉంటాయి కాని, కిందినుంచి చూసేది ఒక్కటీ లేదు.

ఇక్కడే మన ‘కదలని సాక్షి’ మళ్ళీ వచ్చింది. చోటూ, ఎత్తూ బాగా తెలిసిన దగ్గర ఒక ఉపగ్రహ గ్రాహకాన్ని కదలకుండా నిలబెడతారు. రెండోదాన్ని గ్రావిమీటరుతో పాటు తిప్పుతారు. కదలనిదానికి వచ్చిన పొరపాటే దగ్గరలోని రెండోదానికీ ఇంచుమించుగా వస్తుంది. దాన్ని తీసేస్తే ఎత్తు కొద్ది సెంటీమీటర్ల లోపల దొరుకుతుంది. బారోమీటర్ల కాలపు ఉపాయమే, పరికరం మాత్రం కొత్తది!

ఇంకొక మెలిక ఉన్నది. ఉపగ్రహం చెప్పే ఎత్తు సముద్రంనుంచి కాదు. భూమికి బదులుగా గణితంలో ఊహించిన నున్నని గుండ్రని ఆకారం ఒకటి ఉన్నది, దానిమీదినుంచి. అసలు సముద్రమేమో ఆ ఆకారానికి సరిగా అంటుకుని ఉండదు. గురుత్వం తక్కువైన చోట పల్లంగా, ఎక్కువైన చోట మిట్టగా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా లోతైన అటువంటి పల్లం శ్రీలంకకు దక్షిణాన, హిందూమహాసముద్రంలో ఉన్నది. అక్కడ సముద్రమట్టం ఆ నున్నని ఆకారానికన్న వంద మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. దాని ప్రభావం మన దాకా ఉన్నది. అందుచేత, దిద్దుబాటు చేయని గ్రాహకాన్ని మన కోస్తా ఇసుకలో పెడితే, మీరు సున్నాకు ఎన్నో పదుల మీటర్ల కింద ఉన్నారని చెబుతుంది! ఒక జట్టు సముద్రంనుంచి, మరొక జట్టు ఆ ఆకారంనుంచి ఎత్తులు రాసి, రెండింటినీ ఒకే పటంలో కలిపితే, మా ఊరి బావుల కథే మళ్ళీ జరుగుతుంది.

పుస్తకంలో నాలుగు గడులు

గురుత్వ సర్వే చేసే జట్టు రోజూ పొద్దున్నే ఒక మూలస్థానంలో గ్రావిమీటరును చూసి బయలుదేరుతుంది. కొన్ని గంటలకొకసారి మళ్ళీ అక్కడికే వచ్చి చూస్తుంది. ఎందుకంటే స్ప్రింగు అలిసిపోయినట్టు నెమ్మదిగా సాగుతుంది. అదీగాక, సముద్రాన్ని పొంగించే చంద్రుడూ సూర్యుడూ గ్రావిమీటరును కూడా లాగుతారు. దానివల్ల ఒక రోజులో 0.3 మిల్లీగాల్ దాకా మారవచ్చు. అందుచేత వారి పుస్తకంలో ప్రతి అంకె పక్కనా చోటు, ఎత్తు, వేళ తప్పక ఉంటాయి. పక్కన కొండగానీ, గొయ్యిగానీ ఉంటే అదీ రాస్తారు. వీటిలో ఒక్క గడి ఖాళీగా వదిలితే ఆ అంకెకు విలువ లేదు.

ఇంత ఓపికగా చేసిన పని వృథా పోదు. హైదరాబాదులో 1961లో నెలకొల్పిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు దేశమంతటి గురుత్వ పటాలను తయారుచేశారు. మన కడప ప్రాంతంలో పొరలుపొరలుగా ఉన్న పురాతన శిలలకు నైరుతి భాగాన లాగుడు హెచ్చుగా ఉన్నదని సర్వేలలో తేలింది. పైన కనిపించేవి మామూలు పలకరాళ్ళూ, సున్నపురాళ్ళే. వాటి అడుగున బరువైన నల్లరాయి ఉన్నదని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు.

2002లో మరొక అడుగు వేశారు. గ్రేస్ అనే పేరుతో రెండు ఉపగ్రహాలను సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో, ఒకదాని వెనక ఒకటి, ఆకాశంలోకి పంపారు. ముందుది బరువైన ప్రాంతాన్ని సమీపించగానే అది ముందుగా లాగబడుతుంది. రెండింటి ఎడం పిసరంత మారుతుంది. ఆ పిసరును కొలవటమే వాటి పని. అంటే వాటికి త్రాసు లేదు, ముల్లు లేదు. తామెక్కడున్నామన్నదే వాటి తూకం! పంజాబు, హర్యానా, రాజస్థాన్‌లలో భూమిలోని నీరు ఏటేటా తరిగిపోతున్నదని ఆ అంకెలను చూసి 2009లో ప్రకటించారు. పైర్లకు తోడిపోసిన నీటి బరువు తగ్గటం ఆకాశంనుంచి కనిపించిందన్నమాట.

పిల్లలూ! మీరు కూడా ఒక పని చేయండి. రెండు మూడు మీటర్ల పారదర్శకపు గొట్టం తెచ్చి, నీరు నింపి, బుడగలు లేకుండా చూసి, మీ వీధి గుమ్మానికీ, పెరటి గుమ్మానికీ ఎత్తు తేడా ఎంతో కొలవండి. గొట్టం అందకపోతే మధ్యలో ఒక గుర్తు పెట్టుకుని రెండు విడతలుగా కొలవండి. తరువాత అటునుంచి ఇటు మళ్ళీ కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె వచ్చిందా? రాకపోతే ఎక్కడ పొరపడ్డారో వెతకండి. అంకెతో పాటు ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచారో, ఏ తేదీన, ఏ వేళకు కొలిచారో తప్పక రాయండి.

అమ్మలకూ, నాన్నలకూ కూడా ఒక మాట. తరగతిలో వెనక బల్లమీది పిల్ల లేచి “అది ఎక్కడినుంచి కొలిచారండీ?” అని అడిగితే విసుక్కోకండి. మా ఊరి కొత్త బావిని చివరకు చెరువువైపు పల్లంలోనే తవ్వించాము. ఆ వేసవిలోనే నీరు పడింది. మొదటి చేద నీటిని ఆ పిల్లచేతనే తోడించాము.